ముర్సీ కొడుకు

ఖమీస్ గురించి మంచి చెప్పేవాళ్లు ఇప్పుడు అలెగ్జాండ్రియాలో బోలెడంతమంది ఉన్నారు. అతనితో కలిసి ఆడామంటారు, అతని పక్కన కూర్చుని రొట్టె తిన్నామంటారు. ఆ రోజుల్లో వీళ్లలో ఒక్కడు కూడా అతని మొహం చూడటానికి ఇష్టపడలేదు. మంచి కావాలంటే వాళ్ల దగ్గరికే వెళ్లండి. నా దగ్గర దొరికేది కాఫీ, హుక్కా, ఉన్నదున్నట్టు మాట. నాకు అతనంటే గిట్టదు. అప్పుడూ గిట్టలేదు, ఇప్పుడూ గిట్టదు. ఎందుకో చెబుతాను.

బహరీ పేటలో కస్టమ్స్ గేటుకి ఎదురుగా ఉన్న కాఫీ దుకాణం నాది. మా ఆయన పోయాక నేనే నడుపుతున్నాను. ఈ ఊళ్లో ఏ పనివాళ్ల దుకాణం వాళ్లది. జాలరులది ఒకటి, వడ్రంగులది ఒకటి, చావింట్లో ఖురాను చదివే గుడ్డివాళ్లకి కూడా ఒకటుంది. నాది బండివాళ్లది. ఓడల్లోంచి దిగిన బొగ్గు, కలప గోదాములకీ, గోదాముల్లోని పత్తి ఓడలకీ తోలేవాళ్లంతా నా దగ్గరే కూర్చుంటారు. నా తమ్ముడు రగబ్ కూడా బండివాడే. గొంతులో వాణ్ణి మించినవాడు లేడు.

మా సందుల్లో బండి తోలడమంటే సగం చేతిపని, సగం గొంతుపని. తోలేవాడు “నీ ఎడమ!” అని అరిచాడంటే చక్రం నీ ఎడమ పక్క నుంచి వస్తోందని. విన్నవాడు కుడికి దూకుతాడు. “నీ కుడి!” అంటే ఎడమకి దూకుతాడు. “నీ కాలు!” అంటే కాలు లాక్కుంటాడు, “నీ వీపు!” అంటే గోడకి అతుక్కుపోతాడు. ఎవరూ ఆగి ఆలోచించరు. ఆలోచించినవాళ్లు ఆసుపత్రిలో ఉంటారు. మా పిల్లలకి సరిగ్గా నడక రాకముందే ఈ దూకుడు వచ్చేస్తుంది.

రగబ్ బండి దిగితే బంతి. మా పేట ఫుట్‌బాల్ జట్టుకి వాడే కెప్టెన్. అన్ఫూషీ ఒడ్డున, పడవలు కట్టే చోటుకి వెనక, ఇసుక నేల మీద ఆడేవాళ్లు. సగంమంది బండివాళ్లు, మిగతావాళ్లు జాలరులు. బూట్లు ఉన్నవాడు బూట్లతో, లేనివాడు ఉత్త కాళ్లతో. వాడు వెనక నిలబడి అరుస్తుంటే ముందున్నవాళ్లు ఆడేవాళ్లు. బజార్లో ఎలా అరిచేవాడో మైదానంలోనూ అలాగే అరిచేవాడు. ఎవరైనా బంతి కోసం ఎడమ నుంచి మీద పడుతుంటే “నీ ఎడమ!” అనేవాడు, మా కుర్రాళ్లు ఠక్కున తప్పుకునేవాళ్లు.

ఇక ఖమీస్ సంగతి. అతని తండ్రి ముర్సీ, ఆ అన్ఫూషీ ఒడ్డునే పడవ చెక్కల సందుల్లో నార కూరి తారు పూసేవాడు. నోట్లో నాలుక లేని మనిషి. పెళ్లాం తొందరగా పోయింది, ఒక్కడే కొడుకు. ఆ కొడుక్కి చిన్నప్పటి నుంచీ పాత మేజోళ్లలో గుడ్డపీలికలు కుక్కి చేసిన బంతే లోకం. ఒక రోజు బొగ్గు ఓడలో నిప్పులెగదోసే పనికి ఎక్కాడు. ఏడాది తిరక్కుండా వస్తాను నాన్నా అన్నాడు. ముర్సీ ఆ మాట పట్టుకుని రేవు వైపు మొహం పెట్టి పని చేసుకునేవాడు.

వాడు రాలేదు. నావికులు కబుర్లు మోసుకొచ్చేవాళ్లు. గ్లాస్గోలో ఓడలు కట్టేవాళ్ల జట్టులో ఆడుతున్నాడట, అక్కడ వర్షంలో కూడా జనం నిలబడి చూస్తారట. పెద్ద యుద్ధం వచ్చింది, పోయింది. ఇంగ్లీషువాళ్లు మా దేశం వదిలిపోవాలని మా వాళ్లు వీధుల్లోకొచ్చిన ఏడు నా దుకాణం తలుపులో తూటా దిగింది. ఆ ఏడు కూడా ఈయనగారు వాళ్ల దేశంలో బంతి తన్నుతూనే ఉన్నాడు. ఆ చలికాలమే ముర్సీ జ్వరంతో పోయాడు.

పాడె ముందు కొడుకు భుజం ఉండాలి. కొడుకు లేడు. నా తమ్ముడు రగబ్ ముందుకొచ్చి భుజం పెట్టాడు, గోరీలదాకా ఎవ్వరికీ మార్చుకోనివ్వలేదు. సాయంత్రం పలకరింపులకి వచ్చినవాళ్లకి ఎదురెళ్లి చెయ్యి కలిపిందీ వాడే. పోయినవాడి కొడుక్కి చెప్పాల్సిన “నీకు ఆయుష్షు మిగలాలి” అన్న మాట ఊరంతా వాడికే చెప్పింది. ఇది మర్చిపోయేది కాదు. నేను మర్చిపోలేదు.

తర్వాత కొన్నేళ్లకి, మండుటెండలో, మిట్టమధ్యాహ్నం, నెత్తిన హ్యాటు పెట్టుకుని ఒక మనిషి నా దుకాణంలోకి వచ్చాడు. మా పేటలో హ్యాటు పెట్టిన ప్రతివాణ్ణీ దొర అంటాం, గ్రీకువాడైనా ఇటలీవాడైనా. బండివాళ్లందరూ హుక్కా గొట్టాలు దించి చూశారు.

“సలాం, నఫూసక్కా,” అన్నాడు.

“దొరలు తాగే చోటు ఆ పక్క వీధిలో ఉంది నాయనా. ఇక్కడ గుర్రాల వాసన.”

“నేనక్కా. ఖమీస్‌ని. ముర్సీ కొడుకుని.”

గుర్తు పట్టకపోవడమేం, గుమ్మంలోనే గుర్తు పట్టాను. ఆ నడక వాళ్ల నాన్నదే, కొంచెం ఎడమకి వంగి. నాకు ఒళ్లు మండిపోయింది.

“ఏ ముర్సీ? అన్ఫూషీలో తారు పూసే ముర్సీ? ఆయనకి కొడుకు లేడే.”

“అక్కా...”

“ఉంటే పాడె ముందు కనబడాలి కదా. అక్కడ నడిచింది నా తమ్ముడు. ఏరా రగబ్, నీ పక్కన ఎవరైనా నడిచారా?”

రగబ్ కాఫీ గుక్క వేసి, “ఎవరూ లేరక్కా. హ్యాటు వేసుకున్నోడైతే అసలే లేడు,” అన్నాడు. అందరూ నవ్వారు.

ఖమీస్ హ్యాటు తీసి చేత్తో పట్టుకున్నాడు. జుట్టు పల్చబడింది. ముప్పై దాటి కూడా చాలా అయినట్టుంది. నిలబడే చెప్పాడు, కూర్చోమని ఎవరం అనలేదు. “నాకు ఇస్తాంబుల్ చేరాక తెలిసింది నాన్న పోయాడని. అక్కడికొచ్చిన మనూరి నావికుడు చెప్పాడు. గ్లాస్గోలో ఉన్నన్నాళ్లూ నాకెవరూ కబురు చెప్పలేదు.”

“ఇంగ్లీషోళ్లకి చెప్పి పంపాల్సిందా?”

“వాళ్లు స్కాట్లాండు వాళ్లక్కా.”

“నా తలుపులో తూటా దించినోడి సొంతూరు నేనడగలేదులే.”

మళ్లీ నవ్వులు. అతను నవ్వులు ఆగేదాకా ఆగాడు. అలా ఆగడం అలవాటైనవాడిలా ఉన్నాడు. తర్వాత ఒక మాటన్నాడు, అది మాత్రం నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. “గ్లాస్గోలో నన్ను తుర్కోడా అని పిలిచారక్కా. నా పేరు వాళ్ల నోరు తిరగదట. అక్కణ్ణుంచి జెనోవా వెళితే, ఇంగ్లీషు పద్ధతిలో బంతి కొడతానని ఇంగ్లీషోడా అన్నారు. ఇస్తాంబుల్లో అరబ్బోడా అన్నారు. గోలు కొట్టినా అదే పేరు, కొట్టకపోయినా అదే పేరు. నాకు వేరే ఏం వద్దు. ఇక్కడ కూర్చుని ఉంటే, ఎవడో ఒకడు ‘ఒరే ముర్సీ కొడకా, ఇటు రారా’ అని పిలవాలి. దానికోసం వచ్చాను.”

నాకు జాలి కలగలేదు. కలిగిందని అబద్ధం చెప్పను. దేశాలన్నీ తిరిగి, మోకాళ్లు అరగదీసుకుని, ఎవరికీ పనికిరాకుండా పోయాక తండ్రి పేరు గుర్తొచ్చిందన్నమాట. ఒక కాఫీ కప్పు అతని ముందు పెట్టి, బల్ల మీద అరచేత్తో కొట్టి అందరికీ వినబడేట్టు చెప్పాను.

“వినండర్రా. ఈ దుకాణంలో ఎవడైనా ఈయన్ని ముర్సీ కొడుకు అన్నాడంటే వాడికి మళ్లీ ఇక్కడ కాఫీ ముట్టదు. కాఫీ తాగండి దొరగారూ. చల్లారిపోతుంది.”

ఆ రోజు నుంచి అతని పేరు దొర. పేటంతా దొర. అతను హ్యాటు పారేసి ఎర్ర టోపీ కొనుక్కున్నాడు, జుబ్బా తొడుక్కున్నాడు, వాళ్ల నాన్న గదిలోనే దిగాడు. దొర టోపీ మార్చాడు అన్నారు. పొద్దున్నే అందరిలా ఉడికించిన చిక్కుడు గింజలూ ఉల్లిపాయా తింటుంటే, దొరకి అరుగుతుందా అన్నారు. రోజూ నా దుకాణానికే వచ్చేవాడు, మూలగా కూర్చునేవాడు. వేరే దుకాణాలు లేవా అని నాకు మంటగా ఉండేది.

అతన్ని జట్టులో చేర్చుకోవాలని రగబ్‌కి ఏ కోశానా లేదు. కానీ సైన్యం జట్టుతో ఆట ఒప్పుకున్నాక, ముందు వరసలో ఆడే సబ్రీ పాదం మీంచి బండి చక్రం వెళ్లింది. ఇంగ్లీషు సైనికులతో ఆటంటే మాకు ఉత్త ఆట కాదు. ఆడవాళ్లు కూడా మిద్దెల మీద నుంచి చూస్తారు. జనమే వచ్చి రగబ్ మీద పడ్డారు. దొర బంతిని గాల్లో నిలబెడుతున్నాడట, ఇసుక మీద తోటివాణ్ణి చూడకుండానే సరిగ్గా కాళ్ల ముందు పెడుతున్నాడట, ఒక్కసారి ఆడించమన్నారు.

రగబ్ అతని బల్ల దగ్గరికి వెళ్లాడు. “ఆడతావా?”

“ఆడతాను.”

“నా మాట వినాలి.”

“చెప్పు, వింటాను.”

“సరే. నేను అరిచింది వింటే చాలు. నీ తెలివి ఓడలోనే వదిలేసి రా.”

ఆ రోజు గాలి సముద్రం మీంచి కొడుతోంది. నేను మా తమ్ముడి బండిని మైదానం అంచున నిలబెట్టించుకుని దాని మీద కూర్చున్నాను. ఆడదానికి మైదానంలో ఏం పనని ఎవరైనా అడుగుతారేమో అని చూశాను. ఎవరూ అడగలేదు, నా నోరు అందరికీ తెలుసు. ఖమీస్ బాగా ఆడాడు, అది ఒప్పుకుంటాను. పరిగెత్తలేకపోతున్నాడు గానీ బంతి అతని దగ్గరికొస్తే బుద్ధిగా కూర్చునేది. ఒక గోలు అతనిచ్చిన బంతితోనే పడింది. జనం అరిచారు కానీ కొట్టినవాడి పేరే అరిచారు. తర్వాత సైనికులు ఒకటి కొట్టి సమానం చేశారు.

ఆట ముగియడానికి కొంచెం ముందు బంతి ఖమీస్ దగ్గర, మా గోలుకి దగ్గర్లోనే ఉంది. వెనక్కి వచ్చి మా వాళ్లకి సాయం చేస్తున్నాడు. ఎర్ర జుట్టు సైనికుడొకడు ఎడమ నుంచి అతని మీదికి దూసుకొస్తున్నాడు. ఖమీస్ అటు చూడలేదు. రగబ్ చూశాడు, గొంతు చించుకుని అరిచాడు.

“నీ ఎడమ!”

మా ఊరివాడెవడైనా బంతితో సహా కుడికి దూకేవాడు. ఖమీస్ దూకలేదు. తల కూడా ఎత్తకుండా, పాదం లోపలి పక్కతో, నీళ్ల గ్లాసు అందించినంత సున్నితంగా బంతిని ఎడమకి తోశాడు. సరిగ్గా ఆ ఎర్రజుట్టువాడి కాళ్ల ముందుకి. వాడే నమ్మలేకపోయాడు. ఒక్క క్షణం బంతి వైపు చూసి, తర్వాత తన్నాడు. మా గోలుకీపరు ఇసుకలో కూలబడ్డాడు.

ఓడిపోయాం. సైనికులు వచ్చి ఖమీస్‌తో చేతులు కలిపారు. అతను వాళ్ల భాషలో ఏదో జవాబు చెప్పాడు. అది జనం చూశారు.

సాయంత్రం నా దుకాణంలో కాలు పెట్టే చోటు లేదు. ఖమీస్ రాడనుకున్నాను, వచ్చాడు. రగబ్ లేచి నిలబడ్డాడు.

“బాగా మర్యాద చేశావురా వాడికి. బంతి పళ్లెంలో పెట్టి ఇచ్చావు. అన్నేళ్లు వాళ్ల తిండి తిన్నావుగా, తీర్చుకోవద్దూ!”

“నువ్వే కదా ఎడమ అన్నావు,” అన్నాడు ఖమీస్. “ఎడమ అన్నావు, ఎడమకి ఇచ్చాను. నీ మాట వినమన్నావు, విన్నాను. ఎడమ పక్క మనవాడు ఖాళీగా ఉన్నాడనుకున్నాను. అక్కడెక్కడైనా ఎడమ అంటే బంతి ఎడమకివ్వమనే.”

అందరికంటే పెద్దవాడు, మాలో చాలామందికి బండి తోలడం నేర్పిన అబ్దరబ్బో తాత, హుక్కా పక్కన పెట్టి నెమ్మదిగా అడిగాడు. “ఒరే నాయనా, బజార్లో పోతున్నావు. వెనకనుంచి బండివాడు ‘నీ ఎడమ’ అన్నాడు. ఎటు పోతావు?”

ఖమీస్ నోరు తెరిచాడు. మొహంలో రక్తం పోయి పాలిపోయాడు. తనకి ఏమైందో అప్పుడే తెలిసింది అతనికి, ఇంతమంది ముందు.

“కుడికి,” అన్నాడు చివరికి.

“మరి?”

“అక్కడ అలా కాదు తాతా...”

“అక్కడ అంటే ఎక్కడ?” అన్నాను నేను. “నువ్విప్పుడు ఎక్కడున్నావు దొరా?”

అప్పుడు నవ్వారు. మామూలు నవ్వు కాదు, కుర్చీలు పడిపోయే నవ్వు. అతను ఆట అమ్ముకున్నాడని కోపంతో వచ్చినవాళ్లు కూడా పొట్టలు పట్టుకున్నారు. అంతకంటే కొట్టినా బాగుండేదేమో, మాలో పసిపిల్లకి తెలిసిన మాట అతనికి తెలియలేదు మరి. రగబ్ మాత్రం నవ్వలేదు. “నా జట్టు ఛాయలకి రావద్దు. మైదానంలో అడుగుపెట్టావంటే కాళ్లు విరుస్తా,” అని బయటికి పోయాడు.

ఆ తర్వాత పేటంతా ఒకటే ఆట. అతను వీధిలో కనబడితే చాలు, బండి లేకపోయినా ఎవడో ఒకడు వెనక నుంచి “నీ ఎడమ, దొరా!” అనేవాడు. అతను బొమ్మలా ఆగిపోయేవాడు. చేపలమ్మే ఆడవాళ్లు బుట్టలు దించి మరీ “నీ వీపు, దొరా! నీ కాలు, దొరా!” అని అరిచి నవ్వుకునేవాళ్లు. నేనూ అరిచాను. బాగుండేది.

అతనికి పిచ్చి పట్టిందని కూడా అనుకున్నాం. కస్టమ్స్ గేటు ముందు, బండ్లు వరసగా వచ్చే దారికి సరిగ్గా నడిమధ్యన, గేటుకి వీపు తిప్పి నిలబడేవాడు. బండివాళ్లు అరిచేవాళ్లు, తిట్టేవాళ్లు. అతను అరుపు విని దూకేవాడు, మళ్లీ వచ్చి మధ్యలో నిలబడేవాడు. మొదట్లో తప్పు పక్కకి దూకి ఒకసారి గుర్రం కాళ్ల కింద పడ్డాడు, మోచేయి చీరుకుపోయింది. చావాలనుంటే సముద్రముంది కదా, మా బండ్లకెందుకీ పాపం అని అబ్దరబ్బో తాత కేకలేశాడు. తర్వాత తర్వాత ఆ తప్పు తగ్గింది. పగలంతా అక్కడే, ఎండలో. నా దుకాణానికి రావడం మానేశాడు. పీడా వదిలిందనుకున్నాను.

కొన్నాళ్లకి ఊరి కప్పు పోటీల్లో మా పేటకి గ్రీకుల క్లబ్బుతో ఆట పడింది. గ్రీకులది డబ్బున్న క్లబ్బు, అందరికీ బూట్లు, ఇస్త్రీ చేసిన నిక్కర్లు. ఆ పొద్దున కిరియాకో, రేవులో ఓడల తాళ్లమ్మే గ్రీకువాడు, ఆ క్లబ్బు పెద్ద, నా దుకాణం ముందు నుంచి పోతూ నవ్వాడు. ఎందుకు నవ్వాడో మైదానంలో తెలిసింది. గ్రీకుల నీలం చొక్కా తొడుక్కుని ఖమీస్ దిగాడు.

నేను మళ్లీ అదే బండి మీదున్నాను. జనం చేసిన గోల చెప్పలేను. ఇసుక విసిరారు, చేపల తలకాయలు విసిరారు. “చూశారా, చెప్పలేదూ! దొర దొరల దగ్గరికే పోయాడు!” అని ఎవడో అరుస్తుంటే నాకు లోపల చల్లగా అనిపించింది. నేను మొదటి రోజే చెప్పాను. రగబ్ వెళ్లి ఖమీస్ మొహానికి మొహం ఆనించినంత దగ్గరగా నిలబడ్డాడు.

“సిగ్గుందిరా?”

“నీ జట్టులో చోటు లేదన్నావుగా,” అన్నాడు ఖమీస్. “బంతి మైదానంలోనే ఉంటుంది రగబ్. నేను దాని దగ్గరికి ఏ దారి దొరికితే ఆ దారిలో వస్తాను.”

రిఫరీ సైన్యంలో పనిచేసే ఇంగ్లీషు సార్జెంటు, నెత్తి మీద చేతిరుమాలు కట్టుకున్నాడు. ఈల వేశాడు. ఆట మొదలైంది. మా కుర్రాళ్లు ప్రాణం పెట్టి ఆడారు. ఖమీస్ దగ్గరికి బంతి వచ్చిన ప్రతిసారీ ఇద్దరు మీద పడేవాళ్లు, కాళ్ల మీద తన్నేవాళ్లు. పడ్డాడు, లేచాడు. మా వాళ్లు గోలు కొట్టారు, గ్రీకులూ కొట్టారు. పొద్దు వాలుతోంది. ఇంకొంచెంసేపైతే ఆట సమానంగా ముగుస్తుంది, మళ్లీ ఇంకో రోజు పెట్టాలి. మాకు అదీ సరే.

అప్పుడు బంతి ఖమీస్‌కి దొరికింది, మైదానం మధ్యలో. ముందు రగబ్, రగబ్ వెనక ఇంకో ఇద్దరు మా వాళ్లు, ఆ వెనక గోలుకీపరు. ఖమీస్ నెమ్మదిగా వస్తున్నాడు, కుంటుతున్నాడు కూడా. రగబ్ కాళ్లు ఎడంగా పెట్టి కాచుకున్నాడు. వాణ్ణి దాటి ఈ ముసలికాళ్లు పోయేది లేదని నేను నిశ్చింతగా ఉన్నాను.

ఖమీస్ అరిచాడు. గ్లాస్గో గొంతు కాదు, ఇటలీ గొంతు కాదు. పొద్దుటినుంచి సాయంత్రం దాకా గేటు దగ్గర బొగ్గు బండి తోలి, దుమ్ము మింగి బొంగురుపోయిన బండివాడి గొంతు.

“నీ ఎడమా!”

రగబ్ కుడికి దూకాడు. వాడి తప్పేం లేదు, వాడి కాళ్లు దూకాయి. వెనకున్న ఇద్దరూ కుడికి దూకారు, ఒకడి మీద ఒకడు పడ్డారు. గోలుకీపరు కూడా దూకాడు. గీత పక్కన కూర్చున్న జనమంతా కాళ్లు లాక్కున్నారు. బండి మీదున్నదాన్ని, నాకేం చక్రం తగులుతుంది, నేను కూడా కాలు ముడుచుకున్నాను. ఎడమ పక్కంతా దారి తెరిచినట్టు ఖాళీగా ఉంది. ఖమీస్ ఆ దారిలో, పరిగెత్తకుండా, నడుచుకుంటూ వెళ్లి బంతిని గోల్లో పెట్టాడు.

ఒక్క గుక్కెడు సేపు ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. తర్వాత రగబ్ రిఫరీ మీదికి పరిగెత్తాడు. “మోసం! వాడు అరిచాడు! బండి అరుపు అరిచాడు!”

సార్జెంటు కిరియాకో వైపు తిరిగి ఏం జరిగిందని అడిగాడు. కిరియాకో ఇంగ్లీషులో చెప్పి, మాకు వినబడాలని మా భాషలో కూడా చెప్పాడు.

“ఏమన్నాడని అడుగుతున్నారు. నీ ఎడమ అన్నాడని చెప్పాను.”

సార్జెంటు కాసేపు ఆలోచించి ఏదో అన్నాడు. కిరియాకో పళ్లికిలించాడు. “మరి అతను వెళ్లింది ఎడమ నుంచే కదా, చెప్పి మరీ వెళ్లినవాడిది మోసమెలా అవుతుందంటున్నారు.” సార్జెంటు వేలు మైదానం మధ్యకి చూపించాడు. గోలే.

నా తమ్ముడి నోట్లో మాట, మా పేట కడుపులోంచి వచ్చిన మాట, ఈ దొంగసచ్చినోడు తీసుకుని మా మీదే కొట్టాడు. ఇంగ్లీషువాడికి తెలియదు, గ్రీకువాడికి రాదు. ఇంతటి వెధవపని చెయ్యాలంటే బహరీలో పుట్టినవాడికే చేతనవుతుంది. బండి మీద లేచి నిలబడ్డాను. మా ఆడవాళ్లు ఒంటికి చుట్టుకునే నల్ల దుప్పటి భుజం మీంచి జారిపోయింది, చూసుకోలేదు. నా గొంతు కూడా బండివాళ్ల గొంతే.

“ఒరే ఖమీసూ! ఒరే ముర్సీ కొడకా! నీ కాళ్లు పడిపోనూ! మీ అబ్బ ఆ తారు చేతుల్తో నీ పీక నులిమినా బాగుండేది కదరా, ముర్సీ కొడకా!”

నోరు జారిందని నాకు తెలియలేదు. కోపం నా కళ్లు మూసేసింది. ఆ తిట్టు గీత పక్కనున్నవాడు అందుకున్నాడు, వాడి నుంచి పడవల మీదున్నవాళ్లు, మిద్దెల మీద ఆడవాళ్లు. దొర అన్న మాట ఒక్కరి నోటా లేదు. మైదానమంతా, చేతుల్లో రాళ్లు, నోట్లో ముర్సీ కొడకా, ముర్సీ కొడకా. రగబ్ కూడా ఇసుకలో మోకాళ్ల మీద కూర్చుని అదే మాట తిడుతున్నాడు.

ఖమీస్ పరిగెత్తి పారిపోవాలి కదా. గ్రీకులు వచ్చి చెయ్యి పట్టుకుని లాగారు. విదిలించుకున్నాడు. రాళ్లు పడుతుంటే, నుదుటి మీంచి నెత్తురు కారుతుంటే, మైదానం అడ్డంగా దాటి నా బండి దగ్గరికొచ్చి నిలబడ్డాడు. చక్రం మీద చెయ్యి వేశాడు. ఏడుస్తున్నాడు, పళ్లు బయటపెట్టి నవ్వుతున్నాడు, రెండూ.

“మళ్లీ అనక్కా,” అన్నాడు.

అప్పుడు తెలిసింది నాకు, నేనేమన్నానో. నా దుకాణంలో నేనే కట్టేసిన మాట. నాలిక కొరుక్కోవాలనిపించింది. అతను కదల్లేదు, తలెత్తి నా నోటి వైపే చూస్తున్నాడు, ఆకలేసినవాడు కంచం వైపు చూసినట్టు. మంచి చెప్పేవాళ్లు, తర్వాత నేను బండి దిగి అతన్ని కావలించుకున్నానని చెబుతారు. శుద్ధ అబద్ధం. నాకు అతనంటే గిట్టదని మొదటే చెప్పాను.

మళ్లీ తిట్టాను. ఈసారి వాళ్ల తాత పేరు కూడా కలిపి తిట్టాను.